న్యూ ఉల్మ్ మేళం

మా నాన్న సన్నాయి వాయించేవారు. బాబాయి డోలు, అన్నయ్య తాళం. తమ్ముడికి ఏడేళ్ళు రాగానే వాడి ఒళ్ళో శృతిపెట్టె పెట్టారు. పెళ్ళిళ్ళ రోజుల్లో తెనాలి చుట్టుపక్కల ఊళ్ళకి వాళ్ళు నలుగురూ బయల్దేరుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఆడపిల్లని కాబట్టి నన్నెవరూ వెంట తీసుకెళ్ళలేదు, నేర్పాలనీ అనుకోలేదు. ఇంట్లో సాధన చేసుకునేటప్పుడు తమ్ముడు కునికిపాట్లు పడితే మాత్రం పెట్టె నా చేతికొచ్చేది. దాని తిత్తి తెరిచి మూస్తుంటే, స్వరం పలకబోయే ముందు ఎవరో ఊపిరి పీల్చుకున్నట్టు చిన్న చప్పుడు వస్తుంది. నాకు ఆ చప్పుడంటే ప్రాణం.

అదే చప్పుడు మళ్ళీ విన్నది పోయిన సెప్టెంబరులో. అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలో, న్యూ ఉల్మ్ దగ్గర ఒక డాన్సు హాల్లో.

మా అబ్బాయి మినియాపోలిస్‌లో ఉంటాడు. వాడి ఆఫీసులో పనిచేసే ఒకమ్మాయిది న్యూ ఉల్మ్ పక్కన పల్లెటూరు. వాళ్ళ ముత్తాత కాలం నుంచి ఇంటిల్లిపాదీ పోల్కా అనే జంటల ఆటకి బ్యాండులో వాయిస్తారట. నా పుట్టింటి సంగతి అబ్బాయి మాటల్లో చెప్తే, "అయితే ఈ ఆదివారం అమ్మగారిని తీసుకురా, మావాళ్ళ డాన్సు ఉంది" అందట. "వెళ్దామా అమ్మా? రెండు గంటల దారి. బోరు కొడితే మధ్యలో వచ్చేద్దాం" అన్నాడు వాడు.

"మేళం జరుగుతుంటే మధ్యలో లేచి రావడమేమిట్రా" అన్నాను.

కోడలికి డ్యూటీ ఉంది. నేనూ, అబ్బాయీ, తొమ్మిదేళ్ళ మనవరాలూ పొద్దున్నే బయల్దేరాం. ఊరు దాటాక 169వ నంబరు రోడ్డు మిన్నెసోటా నదిని పట్టుకుని నైరుతి దిక్కుగా సాగుతుంది. రెండు పక్కలా మొక్కజొన్న ఎండి గలగలమంటోంది. సోయా చేలు పసుపు తిరిగాయి. సెయింట్ పీటర్ అనే ఊరు వచ్చినప్పుడు అబ్బాయి కారు నెమ్మది చేసి, ఇక్కడే 1851లో ఈ నేల ఆదివాసులైన డకోటా ప్రజల చేత ఒప్పందం మీద సంతకాలు పెట్టించుకుని వాళ్ళ భూములు తీసుకున్నారమ్మా అని చెప్పాడు. మూడేళ్ళకి, 1854లో, జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు ఆ నేల మీదే న్యూ ఉల్మ్ కట్టుకున్నారు. 1862 ఆగస్టులో ఆకలితో, ఆగ్రహంతో డకోటాలు తిరగబడి ఈ ఊరి మీద రెండుసార్లు దాడి చేశారు. ఊళ్ళో చాలా భాగం కాలిపోయింది. ఆ డిసెంబరు 26న పక్కనున్న మంకాటోలో 38 మంది డకోటా మగవాళ్ళని ఒకేసారి ఉరితీశారు. పాట వినడానికి పోతూ ఈ కథ ఎందుకనిపించింది ఒక్క క్షణం. కానీ ఆ చేలను చూస్తూ అది వినకపోతే తప్పనిపించింది.

న్యూ ఉల్మ్ చేరేసరికి పన్నెండు కావస్తోంది. బజారు మధ్యలో 45 అడుగుల గంటల గోపురం ఉంది, 1980లో కట్టింది. సరిగ్గా పన్నెండింటికి అందులోని 37 గంటలు పాట అందుకున్నాయి. కింద తలుపు తెరుచుకుని ఊరి చరిత్ర చెప్పే బొమ్మలు తిరగడం మొదలుపెట్టాయి. మనవరాలు అక్కణ్ణించి కదలనంది. తర్వాత కొండ మీద హెర్మన్ విగ్రహం చూశాం. రోమన్లని ఓడించిన జర్మన్ వీరుడు, 102 అడుగుల కట్టడం. దాని గురించి ఇంతకన్నా చెప్పాలని లేదు.

నా మనసు లాగింది ఇంకోచోట. జర్మన్-బొహీమియన్ వలసదారుల స్మారకం అని ఉంది. ఒక కుటుంబం విగ్రహం, దాని చుట్టూ రాతిపలకల మీద వందల ఇంటిపేర్లు. బొహీమియా అంటే ఇప్పటి చెక్ దేశంలో భాగం. అక్కడ జర్మన్ మాట్లాడే పేద రైతులు, కూలీలు ఇక్కడికొచ్చి నది ఒడ్డున ఇళ్ళు వేసుకున్నారు. పెద్దబాతులు పెంచుకునేవాళ్ళు కాబట్టి ఆ పేటకి గూస్‌టౌన్ అని పేరొచ్చింది. పోల్కా పుట్టింది కూడా బొహీమియాలోనే, 1830లలో. పల్లెల్లో పుట్టిన ఆట ప్రాగ్ చేరి, పదేళ్ళు తిరిగేలోపే పారిస్‌నీ ఊపేసింది. పారిస్ దాన్ని మర్చిపోయింది. గూస్‌టౌన్ వాళ్ళు మర్చిపోలేదు.

ఆ బొహీమియన్ వంశాల్లోనే 1893లో న్యూ ఉల్మ్ దగ్గర పొలంలో పుట్టినవాడు జాన్ విల్ఫార్ట్. లోకం ఆయన్ని వూపీ జాన్ అని పిలిచింది. కాన్సర్టినా అనే తిత్తి వాయిద్యం చేతపట్టి, తన సోదరుడితో, ఒక దగ్గరి బంధువుతో కలిసి మొదట పెళ్ళిళ్ళకీ, కొట్టాల్లో జరిగే డాన్సులకీ వాయించాడు. తర్వాత రేడియోలో, డెక్కా లాంటి కంపెనీల రికార్డుల్లో ఆయన బ్యాండు చుట్టుపక్కల రాష్ట్రాలన్నిటా మోగింది. 1961లో పోయాడు. ఆయన వెనకే ఈ ఊరి నుంచి హెరాల్డ్ లోఫెల్మాకర్ 1932లో సిక్స్ ఫ్యాట్ డచ్‌మెన్ బ్యాండు పెట్టాడు. ఆయన వాయిద్యం ట్యూబా, అంటే పెద్ద ఇత్తడి బూర. డచ్‌మెన్ అంటే హాలండు వాళ్ళనుకునేరు. జర్మన్లు తమని తాము 'డాయిచ్' అనుకుంటే, అమెరికా నోట్లో అది డచ్ అయింది. ఇప్పటికీ ఈ బాణీని డచ్‌మన్ బాణీ అనే అంటారు. కాన్సర్టినా, ట్యూబా, ట్రంపెట్లు, క్లారినెట్లు, డ్రమ్స్. తొందరపడకుండా, గుండ్రంగా నడిచే సంగీతం. పోల్కాలు, వాల్ట్జులు, షాటిష్‌లు, లెండ్లర్‌లు, ఈ ఆటలన్నిటినీ కలిపి వీళ్ళు వాడే మాట 'ఓల్డ్ టైమ్'.

మొదటి ప్రపంచయుద్ధం అప్పుడు ఈ ఊరివాళ్ళు పడ్డ కష్టం అబ్బాయి దారిలో చదివి వినిపించాడు. 1917లో, మా పిల్లల్ని మా చుట్టాల మీదికే యుద్ధానికి పంపకండని పెద్ద సభ పెట్టుకున్నారట. అందుకు రాష్ట్ర గవర్నరు ఊరి మేయర్ని పదవి నుంచి తీసేశాడు. జర్మన్ మాట్లాడితేనే అనుమానంగా చూసే రోజులవి. అలాంటి రోజుల తర్వాత ఇళ్ళలో జర్మన్ మాట తగ్గుతూ వచ్చింది. పోల్కా మాత్రం నోరు విప్పకుండానే పలుకుతుంది కదా, దాన్నెవరూ ఆపలేకపోయారు.

హాలు ఊరికి కొంచెం అవతల, చేల మధ్య ఉంది. పొడుగాటి రేకుల కప్పు, లోపల నున్నటి చెక్క నేల. ఒక పెద్దావిడ గుమ్మం దగ్గర బల్ల వేసుకుని డబ్బులు తీసుకుంటోంది. బ్యాండు పెద్దాయన భార్య ఆవిడే. మేమెవరో తెలియగానే లేచొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "మీ నాన్నగారు పెళ్ళిళ్ళకి వాయించేవారటగా" అంది. నా డబ్బులు తీసుకోనంది. మేళం వాళ్ళ ఇంటి మనుషుల దగ్గర టిక్కెట్టు తీసుకోరట. ఆ మాటకి నాకు కళ్ళు చెమర్చాయి. మా నాన్న పోయి ఇరవై రెండేళ్ళు. ఆయన పేరు చెప్పుకుని నేను ఒక గుమ్మం దాటడం అదే మొదటిసారి.

నేల మీద ఒకాయన మైనప్పొడి చల్లుతున్నాడు, చెప్పులు జారాలని. వచ్చినవాళ్ళలో సగానికి పైగా డెబ్భై దాటినవాళ్ళే. ఆడవాళ్ళు సంచుల్లోంచి వేరే చెప్పులు తీసి వేసుకుంటున్నారు. డాన్సుకి విడిగా చెప్పులుంటాయని నాకు తెలీదు. పక్క గదిలో కాఫీ, హ్యామ్ పెట్టిన బన్నులు, ఆపిల్ పై. నాకోసం బంగాళాదుంపల సలాడ్ తెచ్చిపెట్టారు, మాంసం లేకుండా చూసి మరీ.

ఒంటిగంటకి మొదలుపెట్టారు. స్టేజి అంటే అడుగు ఎత్తు చెక్క అరుగు, అంతే. మధ్యలో కుర్చీలో పెద్దాయన, డెబ్భై నాలుగేళ్ళు, మోకాలి మీద కాన్సర్టినా. ఆయన వెనక ట్యూబాతో అన్నగారు. ట్రంపెట్ కొడుకు, మరో ట్రంపెట్ మేనల్లుడు. క్లారినెట్టూ శాక్సఫోనూ మార్చి మార్చి వాయించేది కూతురు. అబ్బాయి ఆఫీసులో పనిచేసేది ఆమే. డ్రమ్స్ అల్లుడు. అందరికీ ఒకే రకం ఎర్ర చొక్కాలు. పెద్దాయన తిత్తి సాగదీశాడు. స్వరానికి ముందు ఆ ఊపిరి చప్పుడు వినపడింది. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

తర్వాత పోల్కా అందుకుంది. ట్యూబా అడుగు వేస్తుంది, దాని మీద డ్రమ్ము తట్టుతుంది, దాని మీద క్లారినెట్ తిరుగుతుంది. తకతక తకతక అని నా వేళ్ళు ఒళ్ళో వాటంతటవే లెక్క పెడుతున్నాయి. రెండు పోల్కాలయ్యాక వాల్ట్జ్ మొదలైంది, తకిట తకిట. జంటలన్నీ ఒకే దిక్కుగా, గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు హాలంతా చుట్టి వస్తున్నాయి. కాకపోతే మన ప్రదక్షిణానికి ఎదురు దిక్కులో. అందులో ఒక ముసలాయన ఊతకర్ర గోడకి ఆనించి వచ్చాడు. కర్ర లేకుండా నడవలేనివాడు భార్య భుజం మీద చెయ్యి వేసి ఒక్క అడుగు తడబడకుండా మూడు చుట్లు తిరిగాడు. ఆట ఆగాక మళ్ళీ కర్ర కోసం గోడ తడుముకున్నాడు.

అప్పుడు గమనించాను పెద్దాయన్ని. ఆయన వేళ్ళ వంక చూసుకోవడం లేదు. కాగితం చూడటం లేదు. ఆయన చూపంతా నేల మీదే, ఆడేవాళ్ళ కాళ్ళ మీద. ఆ ముసలాయన నేల మీదికి రాగానే పాట నడక వెంట్రుకవాసి తగ్గింది. ఆయన దాటిపోయి, ఇద్దరు కుర్రవాళ్ళ జంట ముందుకి రాగానే మళ్ళీ పుంజుకుంది. వెనకున్న ఐదుగురూ పెద్దాయన ఎడమ భుజాన్నే చూస్తున్నారు. ఆ భుజం పైకి లేస్తే పాట ముగుస్తుంది.

మా నాన్న కూడా అంతే. పెళ్ళిపందిట్లో ఎంత పెద్ద రాగం ఎత్తుకున్నా ఆయన కన్ను పురోహితుడి కుడిచేతి మీదే ఉండేది. ఆ చూపుడువేలు గాల్లోకి లేచిందంటే చాలు, "గట్టిమేళం" అని ఎవరూ అరవక ముందే బాబాయి డోలు మోత ఎత్తుకునేది. "ఊరికే వాయించడం ఎవరైనా నేర్చుకోవచ్చు. పీటల మీద ఏం జరుగుతోందో కనిపెడుతూ వాయించాలి" అనేవారు నాన్న. చూస్తే ఇక్కడ పీటలు లేవు, మంత్రాలు లేవు. ఆ కన్ను మాత్రం ఉంది.

పెళ్ళిళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఈ ప్రాంతపు పెళ్ళిళ్ళలో 'డాలర్ డాన్సు' అని ఉంటుందట. చుట్టాలు వరసకట్టి, తలో డాలరు ఇచ్చి పెళ్ళికూతురితోనో పెళ్ళికొడుకుతోనో ఒక చుట్టు ఆడి వస్తారు. ఆ డబ్బు కొత్త జంటకి. అది వింటుంటే మా ఊళ్ళో చదివింపుల బల్ల, మైకులో పేర్లు చదివే మనిషి గొంతు గుర్తొచ్చాయి. ఆ వరస ఎంత పొడుగైనా పాట ఆపకూడదట, ఎంతసేపయినా బ్యాండు వాయిస్తూనే ఉండాలి. మేళం వాళ్ళ కష్టం అన్నిచోట్లా ఒకటే.

విరామంలో పెద్దాయన కాన్సర్టినాని బల్ల మీద పెట్టి నన్ను పిలిచారు. నేను దీన్ని అకార్డియన్ అనబోతే ఆయన మెల్లగా తల ఊపి, కాదన్నారు. పియానో మెట్లు లేవు దీనికి. నలుచదరపు పెట్టె, మధ్యలో పొడుగాటి తిత్తి, రెండు చివర్లా బొత్తాలు. జర్మనీలో కెమ్నిట్జ్ అనే ఊరివాడు కార్ల్ ఊలిగ్ 1834లో మొదలుపెట్టిన వాయిద్యం. అర్జెంటీనాలో టాంగోకి వాయించే బాండోనియన్ దీనికి చెల్లెలి వరస. 52 బొత్తాలు, 104 స్వరాలు. ఎలాగంటే, ఒకే బొత్తాం తిత్తి మూస్తే ఒక స్వరం, తెరిస్తే వేరే స్వరం. అంటే వేళ్ళు సరిగ్గా పడితే చాలదు, గాలి ఎటు పోతోందో ఎప్పుడూ తెలిసుండాలి. బొత్తాల పక్కన అంకెలున్నాయి. స్వరలిపి రాని రైతులు ఆ అంకెల్ని చూసే పాటలు నేర్చుకునేవాళ్ళట. ఆయన తండ్రి పెన్సిల్‌తో రాసుకున్న అంకెల కాగితాలు పెట్టె అడుగున ఇంకా ఉన్నాయి, అంచులు నలిగి.

ఇలాంటి వాయిద్యాలు ఈ ఊళ్ళోనే చేతితో చేసిన మనిషి క్రిస్టీ హెంగెల్. ఆయనకి 1989లో జాతీయ స్థాయిలో ఇచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ వచ్చింది. ఆ పేరు పలికేటప్పుడు పెద్దాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కావాలని చేశారో, అలవాటో.

లోపల ఏముంటుందని అడిగాను. సన్నటి లోహపు నాలుకలు, గాలి తగిలితే అదురుతాయన్నారు. మా శృతిపెట్టెలోనూ అవే. తమ్ముడి పెట్టె ఒకసారి కిందపడి పగిలితే ఆ నాలుకలు నేను అరచేతిలో పెట్టుకుని చూశాను, అగ్గిపుల్లంత కూడా లేవు. ఆ మాట అబ్బాయి ఇంగ్లీషులో చెప్తే పెద్దాయన ముఖం వెలిగిపోయింది. వాయిద్యం తీసి నా ఒళ్ళో పెట్టేశారు. అరవై రెండేళ్ళ వయసులో అది నా ఒళ్ళోకి వచ్చిన మొదటి వాయిద్యం, మా ఇంటి పెట్టెని వదిలేస్తే. బొత్తాలేవీ నొక్కకుండా, గాలి వదిలే మీట ఒక్కటి పట్టుకుని తిత్తి తెరిచి మూశాను. నాకు కావలసింది ఆ చప్పుడే.

"మీరెలా నేర్చుకున్నారు?" అని అడిగాను.

తండ్రి కూర్చోబెట్టి నేర్పలేదట. పాలు పితకడానికి పోతూ వాయిద్యాన్ని వంటింటి బల్ల మీద వదిలేసి పోయేవాడట. ముట్టుకోవద్దని ఒక్కసారీ అనలేదట. ఏడాది గడిచాక ఒక శనివారం బండిలో ఎక్కించుకుని డాన్సుకి తీసుకుపోయి పక్క కుర్చీ చూపించాడట.

"మరి నువ్వు?" అని కూతుర్ని అడిగాను. కాన్సర్టినా ఆమెకీ వచ్చు, తండ్రి అలిసిపోతే రెండు మూడు పాటలు ఆమే అందుకుంటుంది.

ఆమె కాసేపు ఆలోచించి, "బల్ల మీద ఉండేది కదా. నాకూ ఎవరూ వద్దనలేదు" అంది.

నేనేమీ మాట్లాడలేకపోయాను. మా నాన్న మంచి మనిషి. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ మా సన్నాయి ఎప్పుడూ గోడకి ఎత్తుగా, మేకుకి వేలాడుతూ ఉండేది.

రెండో భాగంలో అల్లుడు కాఫీకి లేచాడు. ఆ ఖాళీ కుర్చీలోకి అతని కూతురు ఎక్కింది. పదకొండేళ్ళుంటాయి, కాళ్ళు సరిగ్గా నేలకి ఆనడం లేదు. ఎవరూ ప్రకటించలేదు, చప్పట్లు కొట్టించలేదు. పెద్దాయన తిత్తి సాగదీశాడు, పాట మొదలైంది, ఆ పిల్ల వాయించేసింది. నా మనవరాలు ఆ పిల్లనే కళ్ళార్పకుండా చూసింది. కాసేపటికి ఊతకర్ర ముసలాయన భార్య వచ్చి మనవరాలికి చెయ్యి అందించింది. "వెళ్ళనా నానమ్మా?" అని అడిగింది. వెళ్ళమన్నాను. మూడో చుట్టుకి అడుగు పట్టేసింది.

నేను ఫోను తీసి ఆ పాట రికార్డు చేశాను.

సరిగ్గా నాలుగింటికి భుజం లేచింది, పాట ఆగింది. ఆదివారం డాన్సులు మధ్యాహ్నమే ఎందుకు పెడతారో అప్పుడు తెలిసింది. సాయంత్రం పాలు పితికే వేళకి ఇంటికి చేరాలి. ఆ ఇంట్లో ఆవులున్నాయి, వచ్చినవాళ్ళలో చాలామంది ఇళ్ళలో ఒకప్పుడు ఉండేవి. పది నిమిషాల్లో ట్యూబా సంచిలోకి, డ్రమ్ములు వ్యానులోకి వెళ్ళిపోయాయి. పెద్దావిడ మిగిలిన పై ముక్కలు కాగితంలో చుట్టి మా చేతిలో పెట్టింది. ఇదివరకు నెలలో ప్రతి ఆదివారం ఉండేదట డాన్సు, ఇప్పుడు ఒక్క ఆదివారమే. ఆ మాట చెప్తూ ఆవిడ ఖాళీ అయిన నేలని ఓసారి చూసింది.

తిరుగుదారిలో చేల మీద ఎండ వాలిపోయింది. వెనక సీట్లో మనవరాలు రెండు చేతులతో తొడ మీద తాళం వేస్తూనే నిద్రపోయింది. మన దగ్గర తెల్లవారే వేళ చూసుకుని తమ్ముడికి ఆ రికార్డు పంపాను. వాడు సన్నాయి వైపు వెళ్ళలేదు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో శృతిపెట్టె కూడా లేదిప్పుడు. విన్నాడో లేదో అనుకుంటుండగానే ఫోను మోగింది.

"ఏం వాయిద్యమక్కా అది? మన పెట్టెలాగే ఊపిరి తీసుకుంటోంది" అన్నాడు. చెప్పాను.

"ఆ దరువు వేసేది చిన్నపిల్లా?"

"నీకెలా తెలిసిందిరా? వీడియో కూడా కాదుగా."

"చరణం తిరిగే చోట ప్రతిసారీ పిల్ల కొంచెం వెనకబడుతోంది. ఆ పెట్టె వాయించేవాడు అక్కడ తిత్తి బిగబట్టి ఆగుతున్నాడు, పిల్ల వచ్చేదాకా. మళ్ళీ విను" అన్నాడు. ఒక నిమిషం ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత వాడే అన్నాడు, "నాన్న నాకోసం అలాగే ఆగేవాడక్కా."